చేతులు కడుక్కోమన్న డాక్టరు



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని వార్డెన్ గారు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిబా ఫూలే గారి గురించి, సావిత్రీబాయి గారి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మీలో ఉన్నారు. నేను నర్సుని కాబట్టి నా పనికి దారి చూపిన ఒకాయన గురించి రాస్తాను. మన హాస్టల్ నుంచి జీఎన్ఎంలోనూ, బీఎస్సీ నర్సింగులోనూ చేరుతున్న చెల్లెళ్లు వార్డులో అడుగు పెట్టేముందు ఈ కథ తెలుసుకుంటే మంచిది.

నర్సింగులో చేరిన కొత్తలో మాకు నేర్పిన మొదటి పని ఇంజెక్షన్ ఇవ్వడం కాదు, బీపీ చూడడం కాదు. చేతులు కడుక్కోవడం. అరచేయి, మండ, వేళ్ల సందులు, బొటనవేలు, వేళ్ల కొసలు, మణికట్టు అంటూ ఒక్కొక్కటీ చెప్పి చేయిస్తుంటే మేం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఇంటర్ పాసై వచ్చినవాళ్లకు చేతులు కడుక్కోవడం కూడా రాదా అనుకున్నాం. ఆ నవ్వు చూసి మా ట్యూటర్ మేడం పుస్తకం మూసేసి సెమ్మెల్‌వైస్ కథ చెప్పారు. ఆ తర్వాత ఎవ్వరం నవ్వలేదు.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1818 జూలై 1న హంగేరీ దేశంలోని బుడా పట్టణంలో పుట్టారు. ఇప్పుడు మనం బుడాపెస్ట్ అంటున్న నగరంలో సగం అది. రెండో సగమైన పెస్ట్ అప్పుడు వేరే ఊరు. తండ్రి కిరాణా వ్యాపారి, కలిగిన కుటుంబమే. పదిమంది పిల్లల్లో ఈయన ఐదోవారు. లాయరు కావాలని 1837లో వియన్నా వెళ్లి న్యాయశాస్త్రంలో చేరి, మరుసటి ఏడాదే వైద్యానికి మారిపోయారు. 1844లో డాక్టరు పట్టా వచ్చింది. కోరుకున్న విభాగంలో ఉద్యోగం దొరక్క కాన్పుల విభాగానికి వచ్చారు. 1846 జూలైలో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ప్రొఫెసర్ క్లైన్ దగ్గర అసిస్టెంటుగా చేరారు. అప్పటికి ఆయన వయసు 28.

ఆ ఆసుపత్రి గురించి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ కాన్పులు ఉచితం. వచ్చేవాళ్లంతా పేదవాళ్లు. పనిమనుషులు, కూలీలు, పెళ్లికాకుండానే గర్భం వచ్చి ఇంట్లోంచి బయటపడ్డ ఆడపిల్లలు. ఉచితంగా పురుడు పోసినందుకు బదులుగా వాళ్ల శరీరాల మీదే విద్యార్థులు పని నేర్చుకునేవారు. డబ్బున్నవాళ్లు ఇంట్లోనే కనేవారు. ఆ గడప తొక్కేవారు కాదు.

అందులో కాన్పుల వార్డులు రెండు. మొదటిదానిలో వైద్య విద్యార్థులకు శిక్షణ, రెండోదానిలో మంత్రసానులకు శిక్షణ. ఒకరోజు వచ్చినవాళ్లను మొదటి వార్డులో, మర్నాడు వచ్చినవాళ్లను రెండో వార్డులో చేర్చుకునేవారు. అంటే ఏ తల్లి ఏ వార్డులో పడుతుందో ఆమె వచ్చిన రోజును బట్టి ఉండేది. 1846లో మొదటి వార్డులో 4,010 కాన్పులు జరిగితే 459 మంది తల్లులు చనిపోయారు. రెండో వార్డులో 3,754 కాన్పులకు 105 మంది. ఒకే ఆసుపత్రి, ఒకే వంటగది, ఒకే ఊరి గాలి. ఒకచోట నూటికి పదకొండుమందికి పైగా పోతుంటే పక్కచోట ముగ్గురు కూడా లేరు.

ఆ చావులన్నీ దాదాపు బాలింత జ్వరం వల్లే. కాన్పయిన ఒకటి రెండు రోజులకు చలిజ్వరం, పొట్ట ఉబ్బి ముట్టుకోనివ్వనంత నొప్పి, నాడి పరుగులు పెట్టడం, ఆ తర్వాత మరణం. ఒక్కోసారి బిడ్డ కూడా తల్లి వెంటే పోయేది.

ఈ తేడా పెద్ద డాక్టర్లకంటే ముందు ఊళ్లోని పేద ఆడవాళ్లకు తెలుసు. మొదటి వార్డు రోజున నొప్పులొస్తే, రెండో వార్డులో వేయమని మోకాళ్ల మీద పడి బతిమాలుకునేవారట. కొందరు దారిలోనే కని, ఆసుపత్రికి వస్తూ వస్తూ కాన్పయిపోయిందని చెప్పి చేరేవారు. అలా వీధిలో కన్నవాళ్లకు ఈ జ్వరం చాలా తక్కువగా వచ్చేది. నడివీధిలో, చలిలో, ఎవరి సాయమూ లేకుండా కన్న తల్లి బతుకుతోంది. ప్రొఫెసర్లున్న గదిలో కన్న తల్లి పోతోంది. మా మేడం ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో చప్పుడు లేదు. ఆసుపత్రికి పోనని మొండికేసే ముసలమ్మలు మన ఊళ్లలోనూ ఉంటారు. వాళ్లను మూర్ఖులని కొట్టిపారేసే ముందు వాళ్లు ఏం చూసి భయపడుతున్నారో అడగాలని నాకు ఆరోజే అనిపించింది.

డాక్టర్లు ఊరుకున్నారని కాదు. ఎవరి కారణం వాళ్లు చెప్పారు. గాలిలో ఏదో దోషం ఉందన్నారు. గాలి దోషమైతే రెండు వార్డులకూ రావాలి కదా అన్నది సెమ్మెల్‌వైస్ ప్రశ్న. జనం కిక్కిరిసిపోవడం వల్ల అన్నారు. అసలు ఎక్కువ కిక్కిరిసింది రెండో వార్డే, మొదటిదంటే భయంతో అందరూ అక్కడికే ఎగబడేవారు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కోసం గంట మోగించుకుంటూ వచ్చే పాస్టర్ గారిని చూసి తల్లులు హడలిపోతున్నారేమోనని, ఆయన్ను గంట లేకుండా వేరే దారిన రమ్మన్నారు. మార్పు లేదు. రెండో వార్డులో తల్లులను పక్కకు తిప్పి పడుకోబెట్టి కాన్పు చేస్తారు కాబట్టి, ఇక్కడా అలాగే చేసి చూశారు. అదీ కాదు. ఒక్కొక్క కారణాన్నే తీసుకోవడం, లెక్కతో సరిచూడడం, కాకపోతే పక్కన పెట్టడం. సైన్సు మాస్టారు మనకు చెప్పే ప్రయోగ పద్ధతి ఇదే. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి తప్పు ఊహకూ మధ్యలో తల్లులు పోతూనే ఉన్నారు.

1847 మార్చిలో ఆయన కొద్దిరోజులు సెలవు మీద వెనిస్ వెళ్లివచ్చారు. వచ్చేసరికి తనకు ఎంతో ఇష్టమైన కొలెచ్కా అనే ప్రొఫెసర్ మరణించి ఉన్నారు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. చిన్న గాయం. అది చీముపట్టి, ఒళ్లంతా పాకి, కొన్నాళ్లకే ప్రాణం తీసింది. ఆయన శవపరీక్ష నివేదిక చదువుతుంటే సెమ్మెల్‌వైస్‌కు ఒక విషయం తట్టింది. ఇవే లక్షణాలు తాను రోజూ చూస్తున్నారు, బాలింతల శవాల్లో. కొలెచ్కా మగవాడు, కాన్పుకూ ఆయనకూ సంబంధమే లేదు. అంటే ఇది బాలింతలకు మాత్రమే వచ్చే వింత జబ్బు కాదు. శవం నుంచి ఏదో పదార్థం కత్తి మీదుగా కొలెచ్కా రక్తంలోకి వెళ్లింది. మరి తల్లుల లోపలికి ఏ కత్తి మీదుగా వెళ్తోంది?

కత్తి కాదు, చేతులు. పొద్దున్నే శవపరీక్ష గదిలో పనిచేసి, సబ్బునీళ్లతో పైపైన కడుక్కుని, నేరుగా కాన్పుల వార్డుకు వచ్చి తల్లులను లోపల పరీక్ష చేసే డాక్టర్ల చేతులు, విద్యార్థుల చేతులు. కడిగిన తర్వాత కూడా ఆ చేతులు శవం వాసన వేసేవి. మంత్రసానులు శవాలు కోయరు. అందుకే వాళ్ల వార్డు బాగుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అందరికంటే ఎక్కువగా శవపరీక్షలు చేసినవారిలో సెమ్మెల్‌వైస్ ఒకరు. బాలింత జ్వరానికి కారణం కనిపెట్టాలన్న పట్టుదలతోనే రోజూ తెల్లవారగానే ఆ గదికి వెళ్లేవారు. అంటే తల్లులను కాపాడాలని ఎంత కష్టపడితే అంతమంది తల్లులకు తన చేత్తోనే చావును మోసుకెళ్లారు. ఎంతమంది తన వల్ల పోయారో దేవుడికే తెలియాలని తర్వాత తన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నారు. ఆయన జీవితంలో నేను అన్నిటికంటే గొప్పదిగా చూసేది ఇదే. కారణం కనిపెట్టడానికి తెలివి చాలు. ఆ కారణం తన చెయ్యే అని పదిమందిలో చెప్పడానికి తెలివి ఒక్కటీ చాలదు.

1847 మే నెల మధ్యలో వార్డు ముందు క్లోరిన్ నీళ్లు పెట్టించారు. లోపలికి వచ్చే ప్రతి డాక్టరూ, ప్రతి విద్యార్థీ అందులో చేతులు బాగా రుద్ది కడుక్కోవాల్సిందే. క్లోరిన్ ఎందుకంటే అది శవం వాసనను పోగొడుతుంది. వాసన పోయిందంటే ఆ పదార్థం కూడా పోయినట్టేనని ఆయన లెక్క. జబ్బులకు సూక్ష్మజీవులు కారణమన్న సంగతి అప్పటికి వైద్యలోకం గుర్తించలేదు. కొన్నాళ్లకు ఖర్చు ఎక్కువవుతోందని చవకైన క్లోరినేటెడ్ లైముకు మారారు. అదేమిటో మీకు బాగా తెలుసు. మన హాస్టల్ నీళ్ల సంపులో కలిపే, వాసనకు మనం ముక్కు మూసుకుని పారిపోయే బ్లీచింగ్ పౌడరే అది.

ఆ ఏప్రిల్‌లో మొదటి వార్డులో నూటికి 18 మంది పోయారు. జూన్‌లో 268 కాన్పులకు ఆరుగురు. జూలైలో 250కి ముగ్గురు. 1848 సంవత్సరం మొత్తం మీద 3,556 కాన్పులకు 45 మంది, మంత్రసానుల వార్డుతో సమానం. ఆ ఏడాది రెండు నెలల్లో అయితే ఒక్క తల్లి కూడా చనిపోలేదు. కొత్త మందు రాలేదు, కొత్త మిషను రాలేదు, కొత్త భవనం కట్టలేదు.

నర్సింగ్ చెల్లెళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది దీని తర్వాత జరిగిన సంగతి. మామూలుగా కథ చెప్పేవాళ్లు దీన్ని వదిలేస్తారు. 1847 అక్టోబరులో వార్డులో మొదటి మంచం మీద గర్భాశయ క్యాన్సరుతో, రసి కారుతున్న ఒక స్త్రీని పడుకోబెట్టారు. డాక్టర్లు ఆమెను ముందు పరీక్ష చేసి, మధ్యలో సబ్బుతో మాత్రమే కడుక్కుని, వరుసగా మిగతావాళ్లను చూస్తూ పోయారు. ఆ వరుసలో కాన్పయిన పన్నెండు మందిలో పదకొండు మంది చనిపోయారు. ఆరోజు ఎవరూ శవాన్ని ముట్టుకుని రాలేదు. అందరూ తలుపు దగ్గర క్లోరిన్‌తో కడుక్కునే వచ్చారు. విషం శవంలోనే కాదు, బతికున్న మనిషి పుండులోనూ ఉంటుందని ఆరోజు తెలిసింది. తలుపు దగ్గర ఒక్కసారి కడుక్కుంటే చాలదు, ఒక మంచానికీ ఇంకో మంచానికీ మధ్య ప్రతిసారీ కడగాలని అప్పుడు నియమం పెట్టారు.

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలు ఇందులోంచి వచ్చినట్టే ఉంటాయి. రోగిని ముట్టుకునేముందు, శుభ్రంగా చేయాల్సిన పని ఏదైనా మొదలుపెట్టేముందు, రక్తమో చీమో తగిలే పని చేశాక, రోగిని ముట్టుకున్నాక, రోగి మంచాన్నీ చుట్టూ ఉన్న వస్తువులనూ ముట్టుకున్నాక. ఈ చివరిదే అందరూ మరచిపోయేది. మంచం సర్ది, సెలైన్ స్టాండ్ జరిపి, రోగిని తాకలేదు కదా అనుకుని పక్క మంచానికి వెళ్లిపోతాం. నేనూ వెళ్లాను, సీనియర్ సిస్టర్ చేత చీవాట్లూ తిన్నాను. గ్లవ్స్ వేసుకున్నాం కదా, కడగడం ఎందుకనేది రెండో పొరపాటు. గ్లవ్స్‌కు కంటికి కనపడని చిల్లులుండవచ్చు, తీసేటప్పుడు చేతికి అంటుతుంది. ఒకే గ్లవ్స్‌తో నలుగురు రోగులను చూస్తే అది మొదటి వార్డు డాక్టర్ల పనే. సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు. చేతికి మురికి కనపడుతున్నా, విరేచనాల రోగిని చూసినా రబ్ పనికిరాదు, నీళ్లే కావాలి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. గోళ్లు పెంచకూడదు. ఎంతమంది కడిగినా వదిలేసేది బొటనవేలూ వేళ్ల కొసలే. కొలెచ్కాకు కత్తి గుచ్చుకున్నట్టే మనకు సూది గుచ్చుకుంటుంది. అందుకే వాడిన సూదికి మళ్లీ మూత పెట్టవద్దని అంటారు, హెపటైటిస్ బి టీకా ముందే వేయించుకోమంటారు.

ఇన్ని ప్రాణాలు నిలబెట్టినాయన్ను వియన్నా నెత్తిన పెట్టుకుని ఉంటుందని మీరనుకోవచ్చు. పెట్టుకోలేదు. తమ చేతులే తల్లులను చంపాయంటే పెద్ద పెద్ద డాక్టర్లకు మింగుడు పడలేదు. పెద్దమనుషుల చేతులు మురికివెలా అవుతాయన్న అహంకారం ఒకటి. ఇన్ని రూపాల్లో కనిపించే జబ్బుకు ఒకే కారణం ఎలా ఉంటుందన్న శాస్త్ర సందేహం ఇంకొకటి. ఈ రెండోదాన్ని మాత్రం నేను తీసిపారేయను. చేతుల మీద ఉన్నదేమిటో చూపించమంటే ఆయన దగ్గర జవాబు లేదు, ఉన్నది లెక్కలే. పై అధికారి క్లైన్‌కు మొదటినుంచీ ఈయనంటే పడలేదు. హెబ్రా, స్కోడా వంటి స్నేహితులు ఆయన తరఫున వ్యాసాలు రాశారు, ఉపన్యాసాలిచ్చారు. ఆయన మాత్రం కలం పట్టలేదు. రాయడమంటే తనకు గిట్టదని ఆయనే ఒప్పుకున్నారు. 1849లో ఉద్యోగం పొడిగించలేదు. తర్వాత బోధించే పోస్టు ఒకటి ఇచ్చారు గానీ, బొమ్మల మీదే పాఠం చెప్పాలని షరతు పెట్టారు. 1850లో తన పక్షాన నిలబడ్డ స్నేహితులకు కూడా చెప్పకుండా వియన్నా వదిలి పెస్ట్ వెళ్లిపోయారు. వాళ్ల మనసు నొచ్చుకుందంటే నొచ్చుకోదా మరి.

పెస్ట్‌లో సెయింట్ రోకస్ అనే ఆసుపత్రిలో జీతం లేకుండా కాన్పుల విభాగం చూశారు. అక్కడ ఆరేళ్లలో 933 కాన్పులు, బాలింత జ్వరంతో పోయినవాళ్లు ఎనిమిది మంది. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. అక్కడ మళ్లీ జ్వరాలు మొదలైతే ఈసారి కారణం దుప్పట్లలో దొరికింది. ఒక బాలింత రక్తం, రసి అంటిన పక్కబట్టలనే సరిగ్గా ఉతక్కుండా ఇంకొకరికి పరుస్తున్నారు. చేతుల నుంచి సాధనాలకు, సాధనాల నుంచి పక్కబట్టలకు ఆయన చూపు పాకింది. మన హాస్టల్లో ఒకే తువ్వాలు నలుగురు వాడుకుని గదిగదంతా గజ్జి తెచ్చుకున్న సంవత్సరం పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. మనకు అప్పుడు సెమ్మెల్‌వైస్ తెలియదు.

1857లో మరియా వైడెన్‌హోఫర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఐదుగురు పిల్లలు పుడితే ఇద్దరు పసితనంలోనే పోయారు.

కనిపెట్టిన పద్నాలుగేళ్లకు, 1861లో, బాలింత జ్వరం మీద తన పుస్తకాన్ని ప్రచురించారు. పెద్ద పుస్తకం. చెప్పిందే చెప్పినట్టు, కోపం కోపంగా ఉంటుంది. దాన్ని పొగిడినవాళ్లు తక్కువ, ఖండించినవాళ్లు ఎక్కువ. దాంతో యూరప్‌లోని పేరున్న ప్రొఫెసర్లకు బహిరంగ లేఖలు రాసి, పేరుపెట్టి హంతకులని తిట్టారు. ఆయన ఆవేశం నాకు అర్థమవుతుంది. కళ్లముందు చావులు ఆపగలిగీ ఆపనివ్వకపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ తిట్టించుకున్నవాడు చేతులు కడుక్కోలేదు, ఇంకా బిగదీసుకున్నాడు. లెక్కలున్నప్పుడే, 1848లోనే, శాంతంగా నాలుగు పేజీలు రాసి అచ్చేయించి ఉంటే ఎన్ని ఊళ్లలో ఎంతమంది తల్లులు బతికేవారో. ఆయనంటే ఎంత గౌరవమున్నా ఈ మాట దాచలేను. వార్డులో ఒక పెద్ద డాక్టరు చేతులు కడగకుండా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ప్రతి నర్సుకూ ఎదురయ్యే చిక్కే. నేను శానిటైజరు సీసా పట్టుకుని ఏమీ అనకుండా ఆయన ముందు చాపుతాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

1860ల మధ్యకు వచ్చేసరికి ఆయన ప్రవర్తన మారిపోయింది. ఏ మాట ఎత్తినా బాలింత జ్వరం దగ్గరికే తెచ్చేవారు. జబ్బు ఏమిటన్నదానిపై ఇప్పటికీ ఒకరొక మాట అంటారు. 1865 జూలై చివర్లో వియన్నాకు తీసుకువెళ్లి, పాత స్నేహితుడు హెబ్రా చేతుల మీదుగానే, ఏదో చూపిస్తామని నమ్మించి మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్పించారు. విషయం తెలిసి తప్పించుకోబోతే అక్కడి సిబ్బంది కొట్టి, కట్టేసి, చీకటి గదిలో వేశారని తర్వాతి కాలంలో పరిశోధకులు రాశారు. కుడిచేతి గాయం కుళ్లింది. ఆ విషం రక్తంలోకి ఎక్కింది. కొలెచ్కా ఎలా పోయారో, మొదటి వార్డు తల్లులు ఎలా పోయారో అలాగే 1865 ఆగస్టు 13న ఆయనా పోయారు. 47 ఏళ్లు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లు కొద్దిమందే.

సరిగ్గా అంతకు ముందురోజు, ఆగస్టు 12న, స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఆసుపత్రిలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్, బండి కింద పడి కాలు విరిగిన పదకొండేళ్ల పిల్లవాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ కట్టారు. గాయం చీము పట్టకుండా మానింది. సెమ్మెల్‌వైస్ సంగతి అప్పటికి లిస్టర్‌కు తెలియదు. 1879లో పారిస్‌లో బాలింత జ్వరం మీద పెద్దల చర్చ జరుగుతుంటే లూయీ పాశ్చర్ లేచి, ఆ జ్వరానికి కారణమైన క్రిమి ఎలా ఉంటుందో బోర్డు మీద గొలుసులా గీసి చూపించారు. ఈనాడు మనం స్ట్రెప్టోకోకస్ అంటున్నది అదే. చేతుల మీద ఉన్నదేమిటో చూపించమని సెమ్మెల్‌వైస్‌ను అడిగినవాళ్లకు, ఆయన పోయిన పద్నాలుగేళ్లకు జవాబు దొరికింది.

1891లో ఆయన అస్థికలను వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు తెచ్చుకున్నారు. అక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. పుట్టిన ఇల్లు వైద్య చరిత్ర మ్యూజియమైంది, ఆయన సమాధి కూడా ఆ ఇంటి ఆవరణలోనే ఉంది. రోకస్ ఆసుపత్రి ముందున్న ఆయన విగ్రహం కింద, బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి కూర్చుని ఉంటుంది.